తమ్ముడి ఓడను రేవులో ఆపేశారు, ఇక్కడ ఏజెంట్ మా చేత సంతకం పెట్టించుకోవాలని చూస్తున్నాడు

వాణి_తండయార్‌పేట
మా తమ్ముడు ఒక బల్క్ క్యారియర్‌లో (విడి సరుకు మోసే ఓడ) ఏబీ, అంటే డెక్ మీద పనిచేసే నావికుడు. జెండా పనామాది, అంటే ఓడ రిజిస్టరైంది అక్కడ, ఓనర్ గ్రీసులో ఉంటాడట, మేనేజ్‌మెంట్ కంపెనీ ఇంకో దేశంలో ఉంది, పనిలో పెట్టింది మాత్రం ఇక్కడ చెన్నైలో ఒక ఏజెంట్. రెండు నెలలు దాటింది, జీతం లేదు. అంతకుముందు వచ్చింది కూడా కాంట్రాక్టులో రాసినదానికంటే తక్కువ. పోయిన వారం బాల్టిక్ సముద్రం వైపు ఒక రేవులో ఐటీఎఫ్ (అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య) ఇన్‌స్పెక్టర్ ఓడెక్కి లెక్కలు చూశాడు. ఓనర్ దారికి రాలేదు. దాంతో అక్కడి డాకర్ల (రేవు కార్మికుల) యూనియన్ సరుకు దించడం ఆపేసింది. ఓడ అలాగే బెర్త్‌లో ఉంది.

నిన్న ఏజెంట్ కళింగపట్నంలో ఉన్న నాన్నకు ఫోన్ చేశాడు. ఫిర్యాదు చేసింది మీవాడే, ఐటీఎఫ్ ఇప్పించే డబ్బు కంపెనీకి తిరిగి ఇచ్చేస్తామని మీరు కాగితం రాసివ్వాలి, లేకపోతే వాడికి జన్మలో ఇంకో ఓడ దొరకదు అన్నాడు. నాన్నకు టెన్షన్‌తో నిద్ర లేదు. సంతకం పెట్టేద్దాం, పిల్లాడి అన్నం పోతుంది అంటున్నాడు. అలా రాయించుకునే హక్కు ఏజెంట్‌కి ఉందా? నిజంగా ఓడ దొరక్కుండా చేయగలడా? ఇంకొకటి కూడా అడుగుతున్నాను, ఏమీ అనుకోవద్దు. ఆ విదేశీ యూనియన్లు మన పిల్లల కోసమే చేస్తున్నాయా, వాళ్ల పని వాళ్లు చూసుకుంటున్నాయా?

శ్రీను_అంబత్తూర్
సంతకం మాత్రం పెట్టకండి అక్కా. మిగతాది తెలిసినవాళ్లు చెబుతారు.

ఇంజన్‌రూం_నాని
నేను సెకండ్ ఇంజనీర్‌ని, సెలవు మీద వేలచ్చేరిలో ఉన్నాను. మీ తమ్ముడి జీతం రావాల్సిందే, అందులో రెండో మాట లేదు. మీ చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను. ఆ యూనియన్లు మనకోసం పుట్టలేదండి. అద్దె జెండాల మీద ఈ ఉద్యమం 1948లో ఓస్లోలో జరిగిన ఐటీఎఫ్ మహాసభలో మొదలైంది. అమెరికా, యూరప్ ఓనర్లు జెండా మార్చేసి, తమ దేశపు నావికుల్ని దించేసి, చవగ్గా దొరికేవాళ్లను ఎక్కించుకుంటున్నారని వాళ్ల కోపం. ఆ చవగ్గా దొరికేవాళ్లం మనమే. ఓడలన్నీ పాత జెండా కిందికి తిరిగి రావాలని అప్పుడు వాళ్లు అడిగారు. అలా వచ్చి ఉంటే ఇవాళ మన జిల్లాల నుంచి ఇంతమంది ఓడ ఎక్కేవాళ్లే కాదు.

హార్బర్_బాబాయ్
నాని చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ కథ అక్కడితో ఆగలేదు.

1958లో డిసెంబరు 1 నుంచి 4 దాకా పనామా, లైబీరియా, హోండూరస్, కోస్టారికా జెండాల ఓడల్ని చాలా దేశాల రేవుల్లో ఆపారు. జెండాలు వెనక్కి వచ్చాయా? రాలేదు. ఇవాళ ప్రపంచ ఓడల టన్నేజీలో 40 శాతానికి పైగా లైబీరియా, పనామా, మార్షల్ ఐలాండ్స్ కిందే ఉంది. వాళ్లు మొదట అడిగింది దొరకలేదు. దొరికింది రెండోది. జెండా ఎవరిదైనా జీతం ఇంతకు తగ్గకూడదు, ఓడకు యూనియన్ ఒప్పందం ఉండాలి, లేకపోతే ఏదో ఒక రేవులో పని ఆగిపోతుంది అన్న భయం ఓనర్లకు పట్టుకుంది. 2003 నుంచి ఓనర్ల సంఘాలు ఐటీఎఫ్‌తో కూర్చుని జీతాలు మాట్లాడుకుంటున్నాయి. నానీ, నీ ఓడకు కూడా ఆ ఒప్పందం ఉండే ఉంటుంది, ఒకసారి చూసుకో.

ఇప్పుడు వాణమ్మా, నీ విషయం. నేను బోసన్‌గా, అంటే డెక్ సిబ్బందికి మేస్త్రీగా రిటైరయ్యాను. 80ల మొదట్లో లైబీరియా జెండా ఓడలో చేశాను. జీతానికి రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి ఇన్‌స్పెక్టర్‌కి చూపించడానికి, రెండోది నిజంగా మాకు పంచేది. యూరప్‌లో ఒక రేవులో ఇన్‌స్పెక్టర్ ఆ రెండో పుస్తకం పట్టుకున్నాడు. టగ్‌లు కదల్లేదు, తాళ్లు విప్పడానికి ఎవరూ రాలేదు. ఓనర్ దిగొచ్చి బకాయి డాలర్లు మా చేతుల్లో పెట్టాడు. ఓడ రేవు దాటి సముద్రంలోకి వచ్చాక కెప్టెన్ ఒక్కొక్కరినీ కేబిన్‌కి పిలిచి ఆ డబ్బు తిరిగి పెట్టమన్నాడు. చాలామంది పెట్టేశారు. నేను పెట్టలేదు. మద్రాసులో దిగాక ఏజెంట్ ఆఫీసులో నా ముఖం చూసేవాడు లేడు. చాలాకాలం కాశిమేడులో ఐస్ ఫ్యాక్టరీలో బరువులు మోశాను. మీ ఏజెంట్ పట్టుకొచ్చిన కాగితం నాకు కొత్త కాదమ్మా. అప్పుడు కేబిన్‌లో అడిగినదాన్నే ఇప్పుడు మీ నాన్న చేత రాయించుకుంటున్నారు.

ఇంజన్‌రూం_నాని
బాబాయ్, మా ఓడకు ఒప్పందం ఉంది, కాదనను. మీరు చెప్పిన దాంట్లోనే నా పాయింట్ కూడా ఉంది. డాకర్లు గెలిచి ఇంటికి వెళ్లిపోయారు. బరువులు మోసింది మీరు.

హార్బర్_బాబాయ్
మోశాను. మోయించింది ఎవరు? డాకరా, ఏజెంటా?

వాణి_తండయార్‌పేట
బాబాయ్ గారూ, మీ మాటలు నాన్నకు ఫోన్‌లో చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కాసేపటికి మళ్లీ ఫోన్ చేసి, ఆయన తర్వాత మళ్లీ ఓడెక్కారా అని అడిగాడు.

హార్బర్_బాబాయ్
ఎక్కాను తల్లీ. వేరే ఏజెంట్ దగ్గర. బోసన్ అయ్యింది ఆ తర్వాతే.

హైకోర్టు_సుబ్బు
మద్రాసు హైకోర్టులో ఓడల కేసులు చూస్తాను. వాణి గారి ప్రశ్నలకు వరసగా చెబుతాను.

ఏజెంట్‌కి అలా రాయించుకునే హక్కు లేదు. బెదిరించి రాయించుకున్న ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలోనే ఉంది. పైగా జీతం మీ తమ్ముడిది, మీ నాన్నది కాదు. ఆయన సంతకంతో కంపెనీకి కలిగే హక్కేమీ లేదు. అయినా ఆ కాగితాన్ని చూపించి రేపు మీ తమ్ముడి మీద ఒత్తిడి తెస్తారు, దాని ఉపయోగం అంతే. అందుకే పెట్టొద్దంటున్నాను.

బ్లాక్‌లిస్ట్ సంగతి. 2006లో వచ్చిన సముద్ర కార్మిక ఒప్పందం ఒకటుంది, అందరూ ఎంఎల్‌సీ అంటారు. 2013 ఆగస్టు నుంచి అమల్లో ఉంది, మన దేశం 2015లో చేరింది, పనామా అంతకుముందే చేరింది. అర్హత ఉన్న నావికుడికి పని దొరక్కుండా చేసే జాబితాలు పెట్టుకోకూడదని, పని ఇప్పించినందుకు అతని దగ్గర ఫీజు తీసుకోకూడదని అందులో స్పష్టంగా ఉంది. మన దగ్గర ఏజెంట్లకు లైసెన్సు ఇచ్చేది ముంబైలోని డీజీ షిప్పింగ్, ఆ లైసెన్సునే ఆర్‌పీఎస్ఎల్ అంటారు. బెదిరింపు మెసేజ్ ఒక్కటి చేతిలో ఉన్నా ఆ లైసెన్సు మీద ఫిర్యాదు చేయొచ్చు. ఫోన్లో మాట్లాడటం మానేసి, ఏం కావాలో రాసి పంపమనండి.

రెండు నెలల జీతం ఆగితే ఆ ఒప్పందం ప్రకారం నావికుణ్ణి వదిలేసినట్టే లెక్క. 2017 జనవరి నుంచి అలాంటి సందర్భాలకు ఓనర్ ముందే బీమా పెట్టి, ఆ సర్టిఫికెట్ ఓడలో అందరికీ కనబడేలా అంటించాలి. నాలుగు నెలల దాకా జీతం బకాయి, తిండి, ఇంటికి పంపే ఖర్చు అందులో వస్తాయి. మీ తమ్ముణ్ణి ఆ సర్టిఫికెట్ ఫోటో తీసి పంపమనండి.

శ్రీను_అంబత్తూర్
సుబ్బు గారూ, ఇవన్నీ చట్టంలో ఉంటే ఇక యూనియన్ వాళ్లు రేవులో ఓడ ఆపడం దేనికి? కోర్టుకే పోవచ్చుగా?

హైకోర్టు_సుబ్బు
పోవచ్చు. ఓడ మన రేవుకు వస్తే 2017 అడ్మిరాల్టీ చట్టం కింద జీతం బకాయికి దాన్ని ఇక్కడే అరెస్టు చేయించవచ్చు. ఓడను అమ్మితే వచ్చే డబ్బులో సిబ్బంది జీతాలదే మొదటి వరస. బకాయి పడ్డ రోజు నుంచి రెండేళ్ల దాకా ఆ హక్కు ఉంటుంది. కానీ ఓడ ఎక్కడుందో అక్కడే అది పనిచేస్తుంది. వాణి గారి తమ్ముడి ఓడ బాల్టిక్‌లో ఉంది, చెన్నైకి ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియదు. కోర్టు కాగితం కదిలేలోపు ఓడ కదిలిపోతుంది.

పారిస్_కార్నర్_గిరి
చార్టరింగ్ (ఓడల్ని అద్దెకు కుదిర్చే) ఆఫీసులో పనిచేస్తాను, డబ్బు వైపు నుంచి చెబుతాను. సరుకు ఓడల్ని చాలావరకు రోజుకు ఇంత అని అద్దెకు తీసుకుంటారు. సిబ్బంది జీతాల గొడవతో ఐటీఎఫ్ ఆపితే, ఆగినన్నాళ్లూ అద్దె ఇవ్వం అని చాలా అగ్రిమెంట్లలో ఒక క్లాజ్ ఉంటుంది. అంటే ఓడ ఆగిన ప్రతి రోజూ ఓనర్ జేబుకే చిల్లు. రేవు చార్జీలు, అసలు ఓడ తర్వాత వెళ్లాల్సిన ట్రిప్పు పోవడం వేరే. సిబ్బంది బకాయి మొత్తం కలిపినా చాలాసార్లు కొన్ని రోజుల అద్దెకు మించదు. అందుకే ఓనర్లు ముందు గట్టిగా అరుస్తారు, తర్వాత కట్టేస్తారు. కోర్టులో ఏళ్లు పట్టేది బెర్త్‌లో రోజుల్లో తేలిపోతుంది.

లాషింగ్_మురళి
చెన్నై హార్బర్‌లో పనిచేసేవాణ్ణి. ఇక్కడ కూడా యూనియన్ ఉందిగా, మీరెందుకు ఓడలు ఆపరు అని అడిగేవాళ్లు ఉంటారు, అడగకముందే చెబుతాను.

మా నాన్న డాక్ లేబర్ బోర్డులో ఉండేవాడు. అప్పుడు హ్యాచ్‌లోకి దిగి మూటలు ఎత్తేది మనుషులే. గ్యాంగ్ రాకపోతే ఓడ ఒక్క అంగుళం ఖాళీ అయ్యేది కాదు. ఆ బలం వేరు. తర్వాత కంటైనర్లు వచ్చాయి. 2001లో కంటైనర్ టెర్మినల్ ప్రైవేటు చేతికి వెళ్లింది. ఎన్నూరు, కాట్టుపల్లి వచ్చాయి. ఇక్కడ ఆపితే ఓడ పక్కకి వెళ్లి అక్కడ దించుకుంటుంది. కాంట్రాక్టు కార్మికుడు ఇవాళ వేరే దేశపు నావికుడి కోసం పని మానేస్తే రేపు గేటు పాస్ ఉండదు. పైగా పాత పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం పెద్ద రేవుల పనిని ప్రజా వినియోగ సేవగా లెక్కపెట్టేవారు, సమ్మెకు 14 రోజుల నోటీసు ఇవ్వాల్సి వచ్చేది. 14 రోజులు మా కోసం ఏ ఓడ ఆగుతుంది?

అలాగని మాకు మనసు లేక కాదు. ఓడ మీద తిండి లేదని తెలిస్తే మేం బియ్యం, కూరగాయలు పంపిన సందర్భాలు ఉన్నాయి. కానీ దాన్ని బాయ్‌కాట్ అనరు కదా.

ఇంజన్‌రూం_నాని
మురళి అన్నా, అక్కడి డాకర్లు అంత పని ఊరికే చేయరు. మా ఓడల్లో కంటైనర్ల లాషింగ్ (రాడ్లతో కట్టి బిగించే పని) సిబ్బంది చేత చేయించకూడదు, రేవు కార్మికులే చేయాలని ఐటీఎఫ్ ఒప్పందంలో పెట్టించారు. వాళ్ల పని వాళ్లు కాపాడుకున్నారు.

లాషింగ్_మురళి
అది మీకు మంచిది కాదా తమ్ముడూ? వాచ్ దిగి నిద్రపోవాల్సిన వాడు గాలివానలో రాడ్లు పట్టుకుని కంటైనర్ల మధ్య ఎక్కితే పడిపోయేది ఎవరు? వాళ్లకు పని నిలబడింది, మీకు ప్రాణం నిలబడింది. ఇద్దరికీ లాభం ఉంటేనే ఏ స్నేహమైనా ఎక్కువ కాలం నడుస్తుంది.

ఇంజన్‌రూం_నాని
లాషింగ్ విషయంలో మీతో వాదించను. ఆ పని ఎంత ప్రమాదమో నేను కళ్లారా చూశాను.

బీసెంట్‌నగర్_అరుణ
అందరూ పనామా, లైబీరియా అంటున్నారు. నాకు మన జెండానే గుర్తొస్తోంది. 2012 అక్టోబరు 31, నీలం తుపాను. ప్రతిభా కావేరి అనే ట్యాంకర్ లంగరు జారి మా ఇంటికి దగ్గర్లోనే, ఇలియట్స్ బీచ్ వైపు ఇసుకలో కూరుకుపోయింది. అది భారతీయ జెండా ఓడ. సిబ్బందికి జీతాలు లేవు, తిండికి, డీజిల్‌కీ కటకట అని అప్పుడు పేపర్లన్నీ రాశాయి. లైఫ్‌బోటు తిరగబడి 6 మంది పోయారు. చాలామందిని ఒడ్డుకు చేర్చింది మన జాలర్లే. ఆ ఓడ రోజుల తరబడి కళ్లెదురుగా ఉంటే జనం ఫోటోలు తీసుకోవడానికి వచ్చేవాళ్లు. నాకు ఇప్పటికీ ఆ బీచ్ వైపు వెళ్తే కడుపులో తిప్పుతుంది. జెండా మనదైతే అంతా బాగుంటుందన్న మాట నేను నమ్మను.

కళింగపట్నం_కుర్రాడు
2017 జనవరి ఎన్నూరు కూడా అంతేగా. డాన్ కాంచీపురం మన జెండా, దాన్ని గుద్దిన బీడబ్ల్యూ మేపుల్ ఐల్ ఆఫ్ మాన్ జెండా. కారిన నూనె మన తీరానికి కొట్టుకొచ్చింది. బకెట్లతో ఎత్తి పోశారు.

హార్బర్_బాబాయ్
అరుణమ్మా, నువ్వు చెప్పిన ఓడ ఇక్కడ అందరి మనసులోనూ ఉంది. అయితే ఒకటి గమనించు. ఆ ఓడ ఓనర్ ఎవరో, ఆఫీసు ఎక్కడో మర్నాడే దేశమంతా తెలిసింది. ఇక్కడి పోలీసు, ఇక్కడి కోర్టు, ఇక్కడి అధికారి, అందరినీ ఇక్కడే నిలదీయగలిగాం. అద్దె జెండా ఓడలో అదే కష్టం. లైబీరియా రిజిస్ట్రీని నడిపేది అమెరికాలో వర్జీనియాలో ఉన్న కంపెనీ. సముద్రమే లేని మంగోలియా జెండాతో కూడా ఓడలు తిరుగుతున్నాయి, ఆ రిజిస్ట్రీ ఆఫీసు సింగపూర్‌లో. జెండాకీ ఓడకీ నిజమైన సంబంధం ఉండాలని 1958లోనే అంతర్జాతీయ ఒప్పందంలో రాశారు. అది ఎలా ఉండాలో తేల్చడానికి 1986లో చేసిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఇప్పటికీ అమల్లోకి రాలేదు.

శ్రీను_అంబత్తూర్
మంగోలియాకే ఉంటే మా అంబత్తూరుకి ఒకటి ఇప్పించండి బాబాయ్, చెరువు కూడా ఉంది 😀

హైకోర్టు_సుబ్బు
బాబాయ్ మాటకు ఉదాహరణ మన పక్క రాష్ట్రంలోనే ఉంది. 2025 మేలో కేరళ తీరంలో మునిగిన ఎంఎస్సీ ఎల్సా 3 లైబీరియా జెండా ఓడ. మునిగిన ఓడను పట్టుకుని ఏం చేస్తారు? నష్టపరిహారం కోసం కేరళ ప్రభుత్వం హైకోర్టుకు వెళ్తే, అదే గ్రూపుదని చెప్పిన ఇంకో ఓడను విళింజంలో అరెస్టు చేయించాల్సి వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వానికే ఇంత తిప్పలు. ఏబీ జీతం కోసం ఒక కుటుంబం ఎక్కడెక్కడ తిరుగుతుంది?

ఇంకో సంగతి, అందరూ అనుకున్నట్టు యూరప్‌లో కూడా యూనియన్లకు చేతులు పూర్తిగా ఖాళీ లేవు. బ్రిటన్‌లో యూనివర్స్ సెంటినెల్ అనే లైబీరియా జెండా ట్యాంకర్‌ని మిల్‌ఫోర్డ్ హేవెన్‌లో ఆపి, బకాయిలతో పాటు సంక్షేమ నిధికి 6,480 డాలర్లు కట్టించుకున్నారు. ఆ 6,480 బలవంతపు వసూలని 1982లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తిరిగి ఇప్పించింది. తర్వాత అక్కడ ఇతరుల కోసం చేసే సమ్మెనే చట్టంతో ఆపేశారు. ఫిన్లాండ్ ఫెర్రీ రోసెల్లా జెండాను ఎస్టోనియాకు మార్చబోతే యూనియన్ అడ్డుపడిన కేసులో, అలాంటి చర్య హక్కే కానీ హద్దు దాటకూడదని 2007 డిసెంబరులో యూరప్ కోర్టు చెప్పింది. వాణి గారి తమ్ముడి ఓడ ఆగిన రేవు అదృష్టవశాత్తు ఇంకా ఇది చేయగలిగే చోటు.

ఇంజన్‌రూం_నాని
ఇదంతా ఒప్పుకుంటున్నాను. నా భయం మాత్రం పోలేదు. ఆ రేవుల్లో భారతీయులున్న ఓడలకు గొడవ ఎక్కువ అని పేరు పడితే ఓనర్ ఇంకో దేశం నుంచి మనుషుల్ని తెచ్చుకుంటాడు. 70లు, 80ల్లో మన యూనియన్ నాయకులే ఈ మాట అన్నారు, ఐటీఎఫ్ రేటు పెడితే మనవాళ్లకు పని ఉండదని. వాళ్లకు తెలియక అన్నారా?

హార్బర్_బాబాయ్
తెలిసే అన్నారు. నాకు ఆ రోజుల్లో కడుపు మండింది, ఇప్పటికీ చల్లారలేదు. ఫిలిప్పీన్స్‌లో కూడా అంతే జరిగింది. ఐటీఎఫ్ పేరెత్తి జీతం పెంచమన్నారని ఒక ట్యాంకర్ సిబ్బందిని తీసేస్తే, 1982లో వాళ్ల సుప్రీంకోర్టు కంపెనీ వైపే మాట్లాడింది. 1983లో అదే కోర్టు ఆ తీర్పు తిరగేసి నావికుల పక్షాన నిలబడింది. ఆ తర్వాత ఫిలిప్పీన్స్ వాళ్లకు పని పోయిందా? ప్రపంచంలో ఓడల మీద ఇవాళ అందరికంటే ఎక్కువ కనిపించేవాళ్లలో వాళ్లే ఉన్నారు. చవగ్గా వస్తేనే పిలుస్తారన్నది ఏజెంట్లు నూరిపోసిన మాట. మనకన్నా చవగ్గా వచ్చేవాడు ఎప్పుడూ ఒకడు ఉంటాడు నానీ, ఎంత తగ్గినా వాడు ఉంటాడు.

కళింగపట్నం_కుర్రాడు
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నాకు ఓఎస్‌గా (ఏబీ కంటే కింది నావికుడిగా) ఆఫర్ వచ్చింది, కొమొరోస్ జెండా ఓడ. చెన్నైలో ఒకాయన 3 లక్షలు అడుగుతున్నాడు. ఓడ పాతదే కానీ తొందరగా సైన్ ఆన్ చేయిస్తానంటున్నాడు. వెళ్లొచ్చా?

ఇంజన్‌రూం_నాని
వద్దు. ఇందులో బాబాయ్‌కీ నాకూ తేడా లేదు.

హైకోర్టు_సుబ్బు
డబ్బు అడిగాడంటేనే చట్టం తప్పినట్టు. అతని ఆర్‌పీఎస్ఎల్ నంబరు అడిగి డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో చూసుకో. ఓడ పేరు, ఐఎంఓ నంబరు (ప్రతి ఓడకూ ఉండే గుర్తింపు నంబరు) తీసుకుని ఐటీఎఫ్ నావికుల సైట్‌లో వెతుకు, ఆ ఓడకు ఒప్పందం ఉందో లేదో చూపిస్తుంది. 2024లో ప్రపంచం మొత్తం మీద 300కి పైగా ఓడల్లో 3,000 మందికి పైగా నావికుల్ని ఓనర్లు గాలికి వదిలేశారని ఐటీఎఫ్ లెక్క. దేశాల వారీగా చూస్తే అందులో మనవాళ్లే అందరికంటే ఎక్కువ. ఇలా డబ్బు కట్టి పాత ఓడ ఎక్కినవాళ్ల ఇళ్ల నుంచి నాకు ఎన్ని ఫోన్లు వస్తాయో నీకు తెలియదు.

వాణి_తండయార్‌పేట
తమ్ముడితో మాట్లాడాను. బీమా సర్టిఫికెట్ మెస్ రూం బయట అంటించి ఉందట, ఫోటో పంపాడు. ఫిర్యాదు వాడొక్కడే చేయలేదు, సిబ్బంది అంతా కలిసి ఇన్‌స్పెక్టర్‌కి జీతం స్లిప్పులు ఇచ్చారు. ఏజెంట్ కావాలనే మా ఒక్కరి పేరు చెప్పాడు.

లాషింగ్_మురళి
మిగతా వాళ్ల ఇళ్లకు కూడా మీవాడే అని ఒక్కొక్క పేరు చెప్పి ఉంటాడు. వాళ్ల నంబర్లు తీసుకోండి అక్కా. ఒకళ్లు సంతకం పెట్టినా మిగతావాళ్లకు కష్టం.

వాణి_తండయార్‌పేట
మీరన్నదే నిజం. ఒక కుటుంబం తూత్తుకుడిలో, ఒకటి విశాఖలో, రెండు కేరళలో ఉన్నాయి. అందరికీ అదే ఫోన్, అదే కాగితం. తూత్తుకుడి వాళ్లు ఇవాళ సంతకం పెట్టబోతూ ఆగారు. అందరం ఒక గ్రూపు పెట్టుకున్నాం. నాన్న కూడా పెట్టనని ఏజెంట్‌కి చెప్పేశాడు. చెప్పేటప్పుడు గొంతు వణికింది, కానీ చెప్పాడు.

బీసెంట్‌నగర్_అరుణ
నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

పారిస్_కార్నర్_గిరి
ఇప్పుడు ఓనర్‌కి చార్టరర్ నుంచి ఫోన్లు మొదలై ఉంటాయి. గట్టిగా ఉండండి.

వాణి_తండయార్‌పేట
అప్‌డేట్: నిన్న రాత్రి ఓనర్ తరఫు మనిషి ఓడ మీదే ఇన్‌స్పెక్టర్ ఎదుట సంతకం పెట్టాడు. ఆగిన జీతం బ్యాంకులో పడింది. పాత నెలల తేడా కొంత వచ్చింది, మిగతాది తర్వాతి రేవులో ఇస్తామని రాసిచ్చారు. డాకర్లు పొద్దున పని మొదలుపెట్టారు. ఓడ రేపు బయల్దేరుతుంది. తర్వాతి రేవు ఆఫ్రికాలో. బాబాయ్ గారు చెప్పిన కేబిన్ సంగతి తలుచుకుంటే భయంగా ఉంది.

హార్బర్_బాబాయ్
డబ్బు చేతికి ఇవ్వకుండా బ్యాంకులో వేయడం మంచిదైంది. ఓడలో ఎవరు పిలిచినా ఒక్కడే వెళ్లొద్దని చెప్పు. ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు, సైన్ ఆఫ్ కాగితం అయినా చదివి పెట్టాలి. ఇన్‌స్పెక్టర్ నంబరు సిబ్బంది అందరి ఫోన్లలో ఉండాలి. సీడీసీ, అదే వాడి నావికుడి పుస్తకం, ఎవరి దగ్గరుందో కనుక్కోమను.

హైకోర్టు_సుబ్బు
మీ గ్రూపులో ఉన్న అన్ని కుటుంబాల దగ్గర ఆ ఏజెంట్ మెసేజ్‌లు, కాగితం ఫోటోలు ఉంటే నాకు పంపండి. అందరి తరఫునా డీజీ షిప్పింగ్‌కి ఒకే ఫిర్యాదు తయారుచేస్తాను. ఫీజు ఏమీ వద్దు.

ఇంజన్‌రూం_నాని
వాణి గారూ, మీ తమ్ముడు దిగాక నా నంబరు ఇవ్వండి. మా కంపెనీలో ఏబీలను తీసుకునేటప్పుడు నేను మాట చెబుతాను. ఏజెంట్ ఏం చెప్పాడన్నది మావాళ్లు పట్టించుకోరు.

కళింగపట్నం_కుర్రాడు
నంబరు చూశాను సుబ్బు గారూ. ఆయన ఇచ్చిన ఆర్‌పీఎస్ఎల్ నంబరు వేరే కంపెనీది. అడిగితే ఫోన్ ఎత్తడం లేదు.

శ్రీను_అంబత్తూర్
డబ్బు కట్టావా?

కళింగపట్నం_కుర్రాడు
లేదు అన్నా. సోమవారం కట్టాల్సింది.